డాన్ బ్రౌన్ కొత్త నవల సగం దాటాను, పూర్తి చేయాలా వదిలేయాలా?

రెడ్‌లైన్ రీడర్
'ది సీక్రెట్ ఆఫ్ సీక్రెట్స్' పూర్తిగా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. 2025 సెప్టెంబర్‌లో రిలీజైనప్పుడే కొందామనుకున్నా, హార్డ్‌బౌండ్ రేటు చూసి ఆగిపోయాను, ఇప్పటికి చేతికొచ్చింది. రోజూ మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్తాను, ఆ టైమంతా దీనికే పోతోంది.

మా టీమ్‌లో ఇద్దరు చదివారు. ఒకరేమో డావిన్చీ కోడ్ తర్వాత ఈయన రాసినవాటిలో ఇదే బెస్ట్ అంటారు, ఇంకొకరు మొదటి రెండు వందల పేజీలకే పక్కన పడేశారు. మా అక్క అయితే ఆఖరి పేజీ వరకు చదివి "బానే ఉంది గానీ ఎక్కడో మోసం చేశాడురా" అని ఊరుకుంది, ఇంకేం అడిగినా నువ్వే చదువుకో అంటోంది.

నా వరకు మొదలు అదిరింది. కథ జరిగేది ప్రాగ్‌లో. తెల్లవారుజామున మంచులో అక్కడి చార్లెస్ బ్రిడ్జి మీద నల్ల బట్టలు వేసుకుని, తల చుట్టూ ముళ్ల కిరీటం లాంటిది పెట్టుకుని ఒకావిడ ఎదురుగా నడిచొస్తుంది, అంతకుముందు రాత్రి చైతన్యం మీద పరిశోధన చేసే సైంటిస్టు క్యాథరిన్‌కి వచ్చిన కలలో ఉన్నది ఉన్నట్టు! మన హీరో ప్రొఫెసర్ లాంగ్డన్ హోటల్‌కి పరుగెత్తి ఫైర్ అలారం లాగేసి, కిటికీలోంచి వల్టవా నదిలోకి దూకేస్తాడు. అది చదువుతూ అమీర్‌పేట దాటి పోయాను. కానీ ఆ తర్వాత ఊపందుకున్న ప్రతిసారీ కథ ఆగిపోయి చైతన్యం మీద క్లాసు మొదలవుతోంది.

రెండో సగంలో స్పీడ్ పెరుగుతుందా? గోలెం (యూదుల కథల్లో ప్రాణం పోసిన మట్టిబొమ్మ) వేషంలో తిరిగే ఆ మనిషి ఎవరో ముందే తెలిసిపోతుందా? స్పాయిలర్ ఉంటే దయచేసి ఆ మాట ముందే పైన రాయండి.

బోయిన్‌పల్లి భయ్యా
ఆపకు అన్నా, అసలు మజా అంతా ముందుంది. ఫోలిమాంకా పార్కు కింద బంకర్ దగ్గరికి వచ్చాక పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు, నేను పొద్దున డ్యూటీ ఉందని తెలిసి కూడా రాత్రంతా కూర్చున్నా. పైగా ఆ బంకర్ ఉత్తుత్తిది కాదు, కోల్డ్ వార్ టైంలో కట్టిన షెల్టర్ ప్రాగ్‌లో నిజంగా ఉంది. కథకోసం దాని లోపల ఏదేదో కల్పించాడనుకో, అది వేరే సంగతి.

ఎనిమిదేళ్ల తర్వాత రాశాడు మనిషి, 2017లో వచ్చిన 'ఆరిజిన్' నవల తర్వాత ఇదే. చిన్న చిన్న చాప్టర్లు, నూరు పైనే ఉంటాయి, కథంతా ఇంచుమించు ఒక్క రోజులో అయిపోతుంది. ఆఫీసుకి పోయి వచ్చేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? లెక్చర్లు బోర్ కొడితే రెండు పేజీలు తిప్పెయ్, ఎవరూ పరీక్ష పెట్టరు.

పేజీ మడత
రెండు పేజీలు తిప్పేస్తే సరిపోతుందంటే ఆ రెండు పేజీలు ఎందుకు రాసినట్టు భయ్యా?

నాకు పడని విషయం సూటిగా చెప్తాను. లాంగ్డన్ మొదటి నవల వచ్చిన 2000 నుంచి ఇదే అచ్చు. లాంగ్డన్, పక్కన బాగా చదువుకున్న ఒక ఆడమనిషి, వెనకాల తరిమే పోలీసులు, చీకట్లో ఒక రహస్య సంస్థ, మధ్యలో యూరప్ టూర్. ఊరు మారుతుంది, మిగతాదంతా అదే. సరే, ఫార్ములా అనే మాటతోనే తిట్టడం న్యాయం కాదు, మన హీరోల సినిమాలకు ఆ ఫార్ములా ఉంటేనే కదా వెళ్తాం. నా కోపం టైమింగ్ మీద. తుపాకీ పట్టుకుని వెనక మనిషి వస్తుంటే ఈయన ఒక గోడ ముందు ఆగి దాని చరిత్ర చెప్తాడు. చలికాలంలో ఆ నదిలో దూకినవాడు, కొలనులో రోజూ ఈత కొట్టే అలవాటుందని చెప్పినా సరే, గంటలోపు బట్టలు మార్చుకుని మళ్లీ పరుగుకి రెడీ!

ఇంకోటి, చాప్టర్ చివర్లో ఎవరో స్క్రీన్ వైపు చూసి నిర్ఘాంతపోతారు. ఏం చూశారు? చెప్పడు. న్యూయార్క్ వెళ్తాడు, లండన్ వెళ్తాడు, తీరిగ్గా వచ్చి చెప్తాడు. ఒకసారి అయితే టెన్షన్, పదేపదే అయితే మనల్ని నమ్మడం లేదని అర్థం. న్యూయార్క్‌లో ఉండే ఎడిటర్ ఫాక్‌మన్ సంగతి గమనించారా? ఆ పేరు రచయిత అసలు ఎడిటర్ పేరు అక్షరాలు అటూ ఇటూ మార్చి పెట్టిందే, పైగా తన పుస్తకం వేసిన పెంగ్విన్ రాండమ్ హౌసే కథలో కూడా పబ్లిషర్. ఆ జోకు వాళ్లిద్దరికీ బాగుంటుందేమో, నాకైతే ఆ చాప్టర్లన్నీ తీసేసినా కథకు నష్టం లేదనిపించింది.

లాస్ట్ బెంచ్
పీడీఎఫ్ ఉంటే టెలిగ్రామ్‌లో పెట్టండి బ్రో

సశేషం
పీడీఎఫ్ అడిగిన బాబూ, ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్లు. ఈయన పాత నవలలు గుట్టలుగా దొరుకుతాయి, కొత్తది కూడా త్వరలోనే అక్కడికి చేరుతుంది. కొనేముందు మధ్యలో పేజీలు తిప్పి చూడు, దొంగ ప్రింటయితే అక్షరాలు ఒక పక్కకి జారి ఉంటాయి, ఒక్కోసారి ముప్ఫై పేజీల వరకు ఎగిరిపోతాయి. థ్రిల్లర్‌లో ముప్ఫై పేజీలు పోతే హంతకుడే పోయినట్టు.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను వారపత్రికల సీరియళ్లు చదివిన తరం మనిషిని. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో, వీటికోసం అద్దె పుస్తకాల షాపు ముందు నిలబడినదాన్ని. చాప్టర్ చివర ఆపడం మాకేం కొత్త కాదమ్మా 'పేజీ మడత', మేం వారం ఆగేవాళ్లం. వారం ఆగాక వచ్చే సమాధానం మాత్రం ఆగినందుకు తగ్గట్టు ఉండాలి. ఈ పుస్తకంలో కొన్నిచోట్ల తగ్గట్టు ఉంది, కొన్నిచోట్ల లేదు.

రెడ్‌లైన్ బాబూ, మీ అక్కయ్య మోసం అన్నదేమిటో నాకు అర్థమైంది. గోలెం చాప్టర్లలో ఆ మనిషి మనసులో ఏముందో మనకి చెబుతూనే ఒక్క ముక్క మాత్రం దాచిపెడతాడు. అలా దాచొచ్చా అనేదే గొడవంతా. ఇది ఈనాటి గొడవ కాదు, 1926లో అగాథా క్రిస్టీ నవల ఒకదాని మీద పాఠకులు ఇలాగే రెండుగా చీలిపోయారు. ఆ పేరు చెప్పను, చదవనివాళ్లు ఉంటారు. నా లెక్క ఒక్కటే, ముగింపు తెలిశాక వెనక్కి వెళ్లి ఆ చాప్టర్లు మళ్లీ చదవాలి, అప్పుడు ప్రతి వాక్యం నిలబడితే అది మోసం కాదు. నేను చదివి చూశాను. చాలావరకు నిలబడ్డాయి. ఒకటి రెండు చోట్ల మాత్రం రచయిత చెయ్యి కనపడింది.

ముందే తెలిసిపోతుందా అని అడిగావు. నాకు సగంలోనే అనుమానం వచ్చింది, మా ఆయనకి చివరిదాకా రాలేదు, ఆయనే ఎక్కువ ఆనందించారు.

ఇంకొక్క మాట. 2006లో డావిన్చీ కోడ్ సినిమాను మన దగ్గర, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ప్రభుత్వం నిషేధిస్తే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అప్పట్లో పుస్తకం చదవనివాళ్లు కూడా రెండు వర్గాలై వాదించుకున్నారు. ఇప్పుడు కనీసం చదివి కొట్టుకుంటున్నారు, సంతోషం.

న్యూరాన్
నేను న్యూరాలజీ వార్డులో రెసిడెంట్‌ని, నైట్ డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ప్లాట్ గురించి అందరూ మాట్లాడారు గానీ, మొదట్లో ఉన్న ఆ 'ఫ్యాక్ట్' పేజీని ఎవరూ పట్టించుకోలేదు. ప్రయోగాలు, టెక్నాలజీలు, ఫలితాలు అన్నీ నిజమేనని అక్కడ రాశాడు. నా దృష్టిలో జనం చీలిపోవడానికి అసలు కారణం అదే, నమ్మి చదివినవాళ్లకి పుస్తకం ఒకలాగా, నమ్మనివాళ్లకి ఇంకోలాగా కనపడుతుంది.

క్యాథరిన్ వాదన ఏంటంటే చైతన్యం మెదడులో పుట్టదు, బయట ఉంటుంది, మెదడు దాన్ని అందుకుంటుంది. బయట నుంచి అంతా ఒక్కసారి వచ్చి పడకుండా గాబా అనే రసాయనం అడ్డుకుంటుందట, చనిపోయే టైంలో అది తగ్గి తలుపులు తెరుచుకుంటాయట. ఇందులో గాబా నిజం. న్యూరాన్లు అతిగా స్పందించకుండా బ్రేక్ వేసేది అదే. ఫిట్స్ ఆగకుండా వస్తున్న పేషెంట్‌ని స్ట్రెచర్ మీద తెస్తే మేం ముందుగా ఇచ్చే వాటిలో లొరాజెపామ్ ఒకటి, అది పనిచేసేది ఈ గాబా ప్రభావాన్ని పెంచే. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి బిగుసుకున్న చెయ్యి వదులవుతుంది, కళ్ల ముందే కనిపిస్తుంది. కానీ అక్కడి నుంచి 'విశ్వచైతన్యానికి ఫిల్టర్' అనే దగ్గరికి రచయిత ఒకే గెంతు గెంతాడు. దానికి ఆధారం లేదు.

చనిపోయేటప్పుడు మెదడులో హడావుడి జరుగుతుందనేది కూడా గాల్లోంచి పుట్టలేదు. 2013లో మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో గుండె ఆగిన మొదటి 30 సెకన్లలో గామా తరంగాలు (మెదడులో వేగంగా సాగే విద్యుత్ తరంగాలు) ఎగిసిపడటం రికార్డు చేశారు. అది మెదడు లోపల జరిగిన పని, ఆత్మ బయటికి పోతోందని వాళ్లు చెప్పలేదు. భవిష్యత్తుని ముందే పసిగట్టడం సంగతీ అంతే. 2011లో డారిల్ బెమ్ అనే సైకాలజిస్టు పేరున్న జర్నల్‌లోనే తొమ్మిది ప్రయోగాలు ప్రచురించాడు, అందరూ ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడాది వేరేవాళ్లు వాటిలో ఒకదాన్ని మూడుచోట్ల మళ్లీ చేసి చూస్తే ఏమీ రాలేదు. ప్రయోగం జరిగిన మాట నిజం, ఆ తర్వాత జరిగింది చెప్పకపోతే మాత్రం సగమే నిజం.

కథలో వచ్చే సీఐఏ ముచ్చట అయితే నిజంగానే ఉంది. దూరంగా ఉన్నదాన్ని మనసుతో చూడగలమా అని అమెరికా ప్రభుత్వం 1970ల నుంచి డబ్బు పోసింది, స్టార్‌గేట్ అనే పేరుతో సాగి 1995లో మూతపడింది, పనికొచ్చే సమాచారం రాలేదని తేల్చారు. నవలగా చదివితే నాకు నచ్చింది, పాఠ్యపుస్తకంగా చదివితే ఒళ్లు మండింది.

బోయిన్‌పల్లి భయ్యా
డాక్టర్ సాబ్, మీరు చెప్పింది కరెక్టే ఉండొచ్చు గానీ మనకి ఇదంతా కొత్తా? ఎవరైనా పోయిన ఇంటి ముందు పొద్దున్నే మైకులో గీతా శ్లోకాలు పెడతారు, పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ శరీరం మారుస్తుందని. అది వింటూ పెరిగినోళ్లం. క్యాథరిన్ ఆ మాట అన్నప్పుడు నాకు లెక్చర్ అనిపించలేదు, మా నాయనమ్మ చెప్పింది వీళ్లకి ఇప్పుడు ఎక్కిందా అనిపించింది.

పేజీ మడత
అదే కదా నా బాధ కూడా! నాయనమ్మ నాలుగు ముక్కల్లో చెప్పి అన్నం పెట్టేది. ఈయనకి ఆరు వందల పైచిలుకు పేజీలు పట్టింది.

అయినా నాయనమ్మ చెప్పింది నమ్మకం, ఎవరూ కాదనరు. ఈయన దాన్ని ల్యాబ్‌లో రుజువైందని అమ్ముతున్నాడు. ఆ రెండూ ఒకటి కాదు. వాట్సాప్‌లో 'మన పూర్వీకులు ఎప్పుడో చెప్పారు' అని ఈ పుస్తకం పేరు పెట్టి ఫార్వర్డ్ వచ్చేసింది కూడా, మా ఫ్యామిలీ గ్రూపులో.

సశేషం
డాక్టరు బాబు సైన్సు చెప్పాడు, నేను డిటెక్టివ్ కథ వైపు నుంచి చెప్తాను. రోనాల్డ్ నాక్స్ అని ఒక ఇంగ్లిష్ ఫాదరీ, తనూ డిటెక్టివ్ నవలలు రాసేవాడు, 1929లో పది నియమాలు పెట్టాడు. అందులో ఒకటి, మానవాతీత శక్తులతో ముడి విప్పకూడదు అని. ఒక మతగురువు ఆ నియమం పెట్టడం నాకు భలే నచ్చుతుంది. ఈ పుస్తకం మొదలే నిజమైన కల కాబట్టి, ఇదేదో దెయ్యాల కథలా తేల్చేస్తాడేమో అని భయపడ్డాను.

ఇక్కడి నుంచి స్పాయిలర్, రెడ్‌లైన్ బాబు చదవొద్దు.

.
.
.

ఆ కలకి సమాధానం చాలా మామూలుది. గదిలో మైకు పెట్టి విన్నారు, పొద్దున్నే మనిషిని పెట్టి ఆడించారు. నాకు పుస్తకం మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే. కళ్ల ముందే అద్భుతం జరిగిందని మనల్ని నమ్మించి, దాని వెనక ఒక వైరు ఉందని చూపించాడు. అంత తెలివిగా చేసిన మనిషి, మిగతా అద్భుతాలకు మాత్రం మనం అదే అనుమానం వాడకూడదని ఎందుకనుకున్నాడో! మీ అక్కయ్యకు మోసం అనిపించింది ఇదే అయినా ఆశ్చర్యం లేదు.

న్యూరాన్
ఈ మాట నాకు తట్టనేలేదు మేడమ్. వాళ్ల వైరు బయటపెట్టాడు, తన వైరు దాచుకున్నాడు.

రెడ్‌లైన్ రీడర్
అందరికీ థాంక్స్. ఆపట్లేదు, పూర్తి చేస్తాను. లెక్చర్ వచ్చినచోట భయ్యా చెప్పినట్టు తిప్పేస్తా, బంకర్ దగ్గర మళ్లీ మెల్లగా చదువుతా. నెట్‌ఫ్లిక్స్ దీన్ని సిరీస్‌గా తీస్తామని ప్రకటించింది కదా, అది వచ్చేలోపు అయినా అయిపోవాలి.

కానీ సశేషం గారూ, 'చదవొద్దు' అని రాసి మూడు చుక్కల కిందే మైకు అని పెడితే కన్ను ఆగుతుందా అండీ?

సశేషం
ఆగదని తెలుసు నాయనా. గోలెం ఎవరో చెప్పలేదు కదా, సంతోషించు.

లాస్ట్ బెంచ్
గోలెం ఎవరో ఇన్‌బాక్స్‌లో చెప్పండి ఆంటీ, పుస్తకం కొనే పని తప్పుతుంది