గేటు చుట్టలకు జిగ్ వాడితే చేతిపని కాకుండా పోతుందా?

ప్రశ్న
కమ్మరిపని మొదలుపెట్టి రెండేళ్లయింది. ఒక గేటుకి 24 చుట్టలు (కొస లోపలికి తిరిగేలా వంచిన అలంకారపు కడ్డీలు) కావాలి, అన్నీ 12 మి.మీ. చదరపు కడ్డీతో. కంటి అంచనాతో మూడు తిప్పాను. ఒకదానికొకటి పోలిక లేదు. జిగ్ (కడ్డీని చుట్టూ తిప్పి ఒకే ఆకారంలో వంచే అచ్చు) చేసుకుంటే తొందరగా తేలిపోతుంది. కానీ చేత్తో చేస్తానని మాటిచ్చి జిగ్ వాడటానికి మనసు ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు 1
జిగ్ వాడు తమ్ముడూ, అందులో మోసమేమీ లేదు. నువ్వు చూసుకోవాల్సింది కొసని. యంత్రంలో చల్లగా వంచిన చుట్టని ఒకసారి గమనించు. చివరిదాకా అదే 12 మి.మీ. మందం, రంపంతో కోసినట్టు టక్కున ఆగిపోతుంది. కొలిమిలో కాల్చి దాగలి మీద సాగగొట్టిన కొస అలా ఉండదు, లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. ఆ పని జిగ్ చేయదు, నీ సుత్తే చేయాలి.

నీ మూడు చుట్టలూ మూడు రకాలుగా రావడానికి కారణం వంపు కాదని నా అనుమానం. కొసల పొడవు కొలిచావా? కొట్టినంత మాత్రాన ఇనుము తగ్గిపోదు. 6 సెం.మీ. ముక్కని పూర్తిగా మొనదేలిస్తే దాదాపు 18 సెం.మీ. అవుతుంది. సాగగొట్టడం ఎక్కడ మొదలుపెట్టాలో చూపే గుర్తు అర సెంటీమీటరు జరిగితే కొసలో ఒకటిన్నర తేడా వస్తుంది. అందుకే ప్రతి కడ్డీ మీదా ఒకే చోట పంచ్‌తో గుర్తు కొట్టు. ముందు 24 కొసలూ సాగగొట్టి, పక్కపక్కన పేర్చి చూసుకో. వంచడం ఆ తర్వాతే.

నా మొదటి జిగ్‌లో ఒకచోట వంపు కాస్త చదునుగా ఉండిపోయింది. నేను గమనించలేదు. పదహారు చుట్టలు తిప్పాక, గ్రిల్‌లో బిగించి నాలుగడుగులు వెనక్కి వెళ్తే తప్ప కనబడలేదు. పదహారింటికీ అదే చోట అదే దెబ్బ. అన్నీ మళ్లీ కాల్చి సరిచేశాను. కాబట్టి ముందు రేకు మీద సుద్దతో అసలు సైజులో గీసి, చేత్తో ఒక మంచి చుట్ట తిప్పు. అది నీ కంటికి నచ్చాకే దాన్ని చూసి జిగ్ కట్టు.

జవాబు 2
నేను ఒప్పుకోను. రెండేళ్లకే జిగ్ పట్టుకుంటే కన్ను ఎప్పుడు కుదురుతుంది? కనీసం ఇంకో పది చేత్తో తిప్పు.

జవాబు 3
యంత్రం మీద అంత అనుమానం అక్కర్లేదు. నీటి చక్రంతో నడిచే సుత్తులు యూరప్‌లో మధ్యయుగాల నుంచే ఉన్నాయి. ఒక్కమాట, జిగ్ మీద తిప్పేటప్పుడు కాక సమానంగా ఉండాలి. ఎక్కువ ఎర్రబడిన చోట ముందు వంగి మడత పడుతుంది.

ప్రశ్న అడిగినవారు
ఇప్పుడే కొలిచాను అన్నా. కొసలు 17, 21, 19 సెం.మీ. ఉన్నాయి. ఈ తేడా నాకు తట్టనే లేదు. జిగ్ సంగతి తర్వాత, రేపు పొద్దున ముందు గుర్తులు కొడతాను.