పొందగు చేతనా, పొందుగఁ జేతనా?

పెన్నేటి గట్టు (అనంతపురం): మా ఊళ్లో వానలు మొహం చాటేసిన ఏడల్లా రామాలయంలో విరాటపర్వం చదివించేవాళ్లు. అందులో ఆవుల కోసం అర్జునుడు ఎదురొచ్చినప్పుడు భీష్ముడు దుర్యోధనుడితో చెప్పే తిక్కన పద్యం ఒకటి నిన్నటి నుంచి బుర్ర తొలుస్తోంది. “వచ్చినవాఁడు ఫల్గుణుఁ డవశ్యము గెల్తు మనంగరాదు” వరకు బాగానే ఉంది. చివర్లో మా తాత “ఇత్తఱిఁ బొందుగఁ జేత నీతియౌ” అనేవాడు. పుస్తకంలో “పొందగు చేత” అని ఉంది. ఏది సరి?

గుత్తి కోట: పుస్తకమే. గణాలకు రెండూ సరిపోతాయి కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. పొందు అంటే ఇక్కడ సంధి, రాజీ. సంధి అయ్యే పని చెయ్యమంటున్నాడు.

బురుజు నీడ (కర్నూలు): సంధి అని అంత గట్టిగా ఎట్లా అంటారు? పొందు అంటే తగినది కూడా. పొందిక అనడం లేదూ? సంస్కృతంలో భీష్ముడు “యుద్ధోచితం కర్మ” గానీ, “ధర్మసంహితం” గానీ, ఏదో ఒకటి త్వరగా చెయ్యి అంటాడు. రెండూ ఇమిడే మాట తిక్కన వెతికి పట్టాడు.

గుత్తి కోట: మరి దుర్యోధనుడు వెంటనే, పాండవులకు రాజ్యం ఇవ్వను పొమ్మంటాడే! సంధి మాట వినపడకుండానే ఆ జవాబా?

బురుజు నీడ: దుర్యోధనుడి చెవికి ఏది వినపడితే అదే అర్థమైతే మనకు నిఘంటువులెందుకు సార్.

దేవుని కడప: మీరిద్దరూ చివరి పాదం పట్టుకుని లాగుతున్నారు. పద్యం ప్రాణం రెండో పాదంలో ఉంది. “రాలచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వ నేర్చునే”. రెండు సేనలూ గెలుస్తాయా అని అడుగుతున్నది యుద్ధానికి జడిసినవాడు కాదు, పరశురాముడితో తలపడిన మనిషి. రేపు కురుక్షేత్రంలో పది రోజులు సేనాపతిగా ఉండబోయేదీ ఆయనే. రాజ్యలక్ష్మిని “లచ్చి” అనడంలో ఎంత చులకన ఉందో చూడండి!

గుత్తి కోట: చులకన కాదు, ప్రాస. మిగతా పాదాల మొదట్లో వచ్చిన, హెచ్చగు, ఇచ్చ. వాటి మధ్య లక్ష్మి ఎట్లా ఇరుకుతుంది?

దేవుని కడప: ప్రాస ఎంచుకున్నది తిక్కనే కదండీ. ఆయనకు ప్రాసల కరువా?

బురుజు నీడ: యుద్ధం వద్దన్నవాడి మాట వచ్చింది కాబట్టి, వెనక్కి వచ్చినవాడి సంగతీ చూద్దాం. యుద్ధంలో ఓడి ఇంటికి తిరిగొచ్చిన ఖడ్గతిక్కనకూ మన తిక్కనకూ తండ్రులు అన్నదమ్ములు. అక్కడ విరాటుడి ఆవులు, ఇక్కడ కాటమరాజు పసులు, పుల్లరి (మేత పన్ను) తగాదా. మా పంచలింగాలలోనే జరిగిందట.

గుత్తి కోట: మీది తుంగభద్ర ఒడ్డు పంచలింగాల. ఆ యుద్ధం పాలేటి ఒడ్డున.

బురుజు నీడ: సరే, ఊరు వదిలేస్తా. ఖడ్గతిక్కనతో తల్లి అన్నట్టు చెప్పే చాటువు వదలను. “నీ వసి వైచి విఱిగి వచ్చినఁ బసులున్ విఱిగినవి తిక్క పాలున్ విఱిగెన్”. ఒక్క విరుగుడులో మనిషి, పసులు, పాలు! మా ఇంట్లో ఇప్పటికీ పాలు ఇరిగినాయనే అంటాం.

దేవుని కడప: “నీ, వసి” అని విడగొట్టి చదవకండి. నీవు, అసి. కత్తి పారేసి వచ్చావంటోంది.

బురుజు నీడ: వసి అంటే వాడి, పదును. “నీ పదును పారేసి” అంటే ఇంకా గట్టిగా తగులుతుంది.

దేవుని కడప: పేరులోనే ఖడ్గం ఉన్నవాడికి “అసి” కంటే గట్టిగా తగిలేది ఏముంటుంది?

పెన్నేటి గట్టు: ఇంతకీ నా “గు”నా, “గ”నా?

గుత్తి కోట: ఉండండి, ముందు ఈ కత్తి సంగతి తేలనీండి.