సింహానికి వనవాసం ఏంటి? (ఒక్క మాట కోసం అడిగితే తిక్కన దాకా వెళ్ళింది)

పాప వాళ్ళమ్మ:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. చిన్న డౌటు, నవ్వకండి. మా పాపకి పదేళ్ళు, డల్లాస్‌లో పుట్టి పెరిగింది, ఆదివారం తెలుగు క్లాసుకి ఏదైనా సినిమా కథ పది వాక్యాల్లో రాసుకు రమ్మన్నారు. అది లయన్ కింగ్ పట్టుకుంది. 2019లో వచ్చినదాన్ని మేం తెలుగులోనే చూపించాం, హీరో సింహం సింబాకి నాని, బాబాయి స్కార్‌కి జగపతిబాబు, పంది పుంబాకి బ్రహ్మానందం, ముంగిసలాంటి మీర్‌కాట్ టిమోన్‌కి అలీ గొంతు ఇచ్చారు కదా, ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, మాక్కూడా డైలాగులు నోటికొచ్చేశాయి. సరే, "బాబాయి మాట నమ్మి తండ్రి తన వల్లే చనిపోయాడనుకుని సింబా పారిపోయాడు" వరకు బానే రాసింది. ఆ తర్వాత దూరంగా ఉన్న ఆ కాలాన్నంతా ఒక్క మాటలో ఏమంటారమ్మా అంది. నేను కూర తిప్పుతూ ఆలోచించకుండా వనవాసం అని రాసెయ్ అన్నాను. రెండు నిమిషాల తర్వాత వంటింట్లోకి వచ్చి, "వనం అంటే ఫారెస్టే కదా, సింహం ఉండేదే అక్కడ, ఇంక అది పనిష్మెంట్ ఎలా అవుతుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, గరిటె మాత్రం ఉంది. రాముణ్ణి అడవికి పంపితే వనవాసం, మరి అడవిలో పుట్టినవాణ్ణి ఎక్కడికి పంపితే ఏమంటాం? ఎవరైనా చెప్పండి ప్లీజ్, ఆదివారం లోపల.

హనుమకొండ తమ్ముడు:
అక్కా మీ బిడ్డ మస్తు పట్టేసింది. నాకైతే అజ్ఞాతవాసం కరెక్ట్ అనిపిస్తది. ఎందుకంటే హైనాలు పోయి స్కార్‌కి పిల్ల చచ్చిపోయిందని అబద్ధం చెప్తయి, రాజ్యంల అందరు చచ్చిండనే అనుకుంటరు, అంటే బతికి ఉన్నట్టు ఎవ్వరికి తెల్వదు. గంతకన్న అజ్ఞాతం ఏముంటది. పాండవులు విరాటరాజు కొలువుల వంటవాడిగ, నాట్యం నేర్పేటోడిగ దాక్కుంటే ఈయన పందితోటి, మీర్‌కాట్‌తోటి పురుగులు తినుకుంట దాక్కున్నడు, అంతే తేడా. ఇంకొకటి, పాండవులు అజ్ఞాతంల దొరికిపోతే మళ్ళ పన్నెండేండ్లు అడవికి పోవాలె, ఈడ ఉల్టా, చిన్ననాటి దోస్తు నాలాకి దొరికిపోయినంకనే ఇంటికి పోయే దారి పడ్డది.

పాప వాళ్ళమ్మ:
తమ్ముడూ బావుంది కానీ అజ్ఞాతవాసం అంటే కావాలని దాక్కోవడం కదా, షరతు ప్రకారం, రోజులు లెక్కపెట్టుకుంటూ. వీడు దాక్కోలేదు, మర్చిపోవాలని చూశాడు. ప్రవాసం అంటే ఎలా ఉంటుంది అని కూడా అనుకున్నా, కానీ ప్రవాసం చేస్తున్నది మేము, మమ్మల్నెవరూ తరమలేదు, వీసా ఫీజు కట్టి మరీ వచ్చాం 😀. నిర్వాసితుడు అందామంటే పోలవరం ముంపు గ్రామాలు గుర్తొస్తున్నాయి, ఆ మాట ఇప్పుడు ఇల్లూ పొలం పోయినవాళ్ళదైపోయింది. వెలి అంటే కులం వాసనొస్తుంది. మా నాయనమ్మ అయితే "దేశాలు పట్టిపోయాడు" అనేది, అది నాకు చాలా ఇష్టం, కానీ క్లాసులో రాస్తే టీచర్ ఎర్ర పెన్ను తీస్తారేమో.

దారెస్సలాం నుంచి:
ఆలస్యంగా చూశాను, ఇక్కడ టాంజానియాలో పదకొండేళ్ళుగా అకౌంట్స్ పని చేస్తున్నాను కాబట్టి సింహాల సంగతి కొంచెం చెప్పే హక్కు ఉందనుకుంటున్నా. అమ్మా, మీ పాప ప్రశ్నలో ఒక చిన్న పొరపాటుంది, అది పాపది కాదు మన తెలుగుది. ఆఫ్రికా సింహం ఎక్కువగా ఉండేది అడవిలో కాదు. ఇక్కడి సెరెంగెటి పార్కుకి వెళ్ళి చూస్తే కనుచూపు మేర గడ్డి, అక్కడక్కడ ఒక తుమ్మచెట్టు, రాతి గుట్టలు, అంతే. ఆ పేరే మసాయి మాట నుంచి వచ్చింది, అంతులేని మైదానం అని చెప్తారు. సినిమా వాళ్ళు కెన్యాలో హెల్స్ గేట్ నేషనల్ పార్కు చూసొచ్చి గీశారు, అదీ బయలు ప్రదేశమే, కొండగోడలు, లోయ. సింబా పారిపోయి ఎడారిలో పడిపోతే టిమోన్, పుంబా లేపి తీసుకెళ్ళింది ఎక్కడికి? జలపాతాలు, తీగలు, పచ్చటి దట్టమైన అడవి. అంటే ఆ పిల్ల సింహం నిజంగానే మైదానం వదిలి వనానికి వెళ్ళింది. మీరు కూర తిప్పుతూ అన్న మాటే అక్షరాలా కరెక్టు! తప్పేదైనా ఉంటే అడవికి రాజు సింహం అనే మన మాటలో ఉంది.

అయితే దానికీ ఒక న్యాయం ఉంది, మన దేశంలో మిగిలిన సింహాలు గుజరాత్‌లో, గిర్ అడవిలోనూ దాని చుట్టుపక్కలా కదా, 2025 లెక్కలో 891 తేలాయి, గిర్ అంటే చాలావరకు టేకు అడవి. మన సింహానికి అడవి ఇల్లే, వాళ్ళ సింహానికి గడ్డి ఇల్లు.

ఇంకో సంగతి. మగ పిల్లల్ని గుంపు నుంచి తరిమేయడం కథ కోసం కల్పించింది కాదు. రెండు మూడేళ్ళు వచ్చేసరికి పెద్ద మగ సింహాలు వాటిని ఉండనివ్వవు, అన్నదమ్ములు కలిసి ఏళ్ళ తరబడి తిరుగుతాయి. కానీ అవి మామూలుగా పుట్టిన గుంపుకి తిరిగి రావు, బలం వచ్చాక ఇంకెవరి గుంపునో కొట్టి తీసుకుంటాయి. కాబట్టి పారిపోవడం సింహాలది, తిరిగి రావడం మాత్రం మనుషులది.

హనుమకొండ తమ్ముడు:
అన్నా ఎట్లాగు ఆడ ఉన్నవ్ కదా, సింబా అంటే మన సింహమేనా? వాట్సాప్‌ల ఒకటి తిరుగుతది, మనోళ్ళు ఓడలెక్కి పోయి మాట ఇచ్చి వచ్చిన్రని.

దారెస్సలాం నుంచి:
నేనూ వచ్చిన కొత్తలో అలాగే అనుకుని ఆఫీసులో గొప్పగా చెప్పి నవ్వులపాలయ్యాను తమ్ముడూ. స్వాహిలీలో సింబా అంటే సింహమే, ఇక్కడి పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ పేరు కూడా అదే, 1936లో వేరే పేరుతో మొదలై 1971లో సింబా అయింది, మ్యాచ్ రోజు ఊరంతా ఎరుపే. మనవైపు నుంచి వెళ్ళిన మాటలు ఉన్నాయి, కాదనను, పేసా అంటే డబ్బు, లాకి అంటే లక్ష, చపాతీ అంటే చపాతీయే, గారి అంటే బండి (మొదటి నెలలో ఎవరు గారి అన్నా నన్ను పిలుస్తున్నారేమో అని తిరిగి చూసేవాణ్ణి). అవి రేవుల్లో వ్యాపారం చేసేవాళ్ళ మాటలు. కానీ సింబా అలా కాదు. జింబాబ్వేలో షోనా వాళ్ళు సింహాన్ని షుంబా అంటారు, ఇంకా కిందికి వెళ్తే జులూలో ఇన్సింబా అని ఉంది, అది సింహం కూడా కాదు, పునుగుపిల్లిలాంటి చిన్న జంతువు. సముద్రం మొహం చూడని లోపలి భాషల్లో కూడా ఇలా తలో రూపంలో పాతుకుపోయి ఉందంటే అది బంటు భాషల (స్వాహిలీ, షోనా, జులూ అన్నీ ఆ కుటుంబమే) సొంత మాట, ఓడలో వచ్చింది కాదు. పోలిక కేవలం కాకతాళీయం.

అన్నట్టు జులూ అంటే గుర్తొచ్చింది, సినిమా మొదట్లో సూర్యుడు లేస్తుంటే ఒక గొంతు అరుస్తుందే, అది స్వాహిలీ కాదు జులూ. అందులో వినపడే ఇంగోన్యామా అంటే సింహం, జులూ రాజుకి బిరుదు కూడా అదే. పేర్లు మాత్రం స్వాహిలీ: రఫీకి అంటే స్నేహితుడు, పుంబా అంటే తెల్లబోయి ఉండిపోవడం, తెలివి మందగించడం. షెంజీ అంటే అనాగరికం, ఇక్కడ ఎవర్నైనా అలా అంటే గొడవైపోద్ది. ఇక ఆ ఫేమస్ మాట హకూనా మటాటా తప్పేం కాదు గానీ ఇక్కడ టూరిస్టులతోనే ఎక్కువ అంటారు, మాలో మేం హమ్నా షిడా అంటాం.

రిటైర్డ్ మాష్టారు, తణుకు:
మూడు రోజులుగా చదువుతున్నాను, మనవడు ఫోన్ ఇస్తే గాని టైపు చెయ్యలేను, అక్షర దోషాలుంటే మన్నించండి. ముందు సింహం మాట. మన వ్యాకరణం వాళ్ళు దీనికి ఒక తమాషా చెప్పారు, "సింహో వర్ణవిపర్యయాత్" అని, అంటే హింస అనే దాంట్లో అక్షరాలు తారుమారైతే సింహ అయిందిట. ఇప్పటి భాషాశాస్త్రం ఒప్పుకుంటుందా అంటే అది వేరే సంగతి, వినడానికి బాగుంటుంది. తెలుగులో దాని తద్భవం సింగం. ప్రాకృతంలో బ్రాహ్మణ అన్నది బంభణ అయింది గదా, అలాగే సింహ కూడా సింబ కాకూడదా అని ఎవరైనా అడగొచ్చు, కాలేదు, సీహ, సింఘ అయింది, మనకి సింగమై, సింగన్న అయింది. దారెస్సలాం బాబు చెప్పిందే సబబు.

ఇక అసలు ప్రశ్న. అమ్మాయీ, వనవాసం అన్నా అరణ్యవాసం అన్నా ఒకటే అనుకుంటాం గాని అరణ్యం అనే మాట తమాషాగా ఉంటుంది. వేదంలో అరణ అంటే దూరపుది, పరాయిది. దాన్నించి వచ్చింది అరణ్యం. చెట్లు ఉన్నాయా లేవా అన్నది తర్వాత, ఊరికి అవతలిది, మనది కానిది, అదీ దాని మొదటి అర్థం. పశువుల్ని కూడా గ్రామ్యాలు, ఆరణ్యాలు అని రెండు జాతులు చేశారు. ఆ లెక్కన చూస్తే ఎవరి చోటు వాళ్ళకి కాకుండా పోతే అది వాళ్ళకి అరణ్యమే, సింహానికైనా సరే.

అయితే నాకు మీ పాప ప్రశ్న చదవగానే గుర్తొచ్చింది ఇది కాదు. విరాటపర్వంలో తిక్కనగారి పద్యం, స్కూల్లో ముప్పై ఏళ్ళు చెప్పాను:

సింగం బాఁకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి మా
తంగస్ఫూర్జితయూథదర్శనసముద్యత్క్రోధమై వచ్చు నో
జం గాంతారనివాసఖిన్నమతి నస్మత్సేనపై వీఁడె వ
చ్చెం గుంతీసుతమధ్యముండు సమరస్థేమాభిరామాకృతిన్

అజ్ఞాతవాసం ముగిసి అర్జునుడు రథమెక్కి బయటపడ్డప్పుడు కౌరవుల వైపు నుంచి అన్న మాట, అస్మత్సేన అంటే మా సేన కదా. గుహలో ఆకలితో దురవస్థలో పడి ఉన్న సింగం, ఏనుగుల మంద కనపడేసరికి కోపం రేగి ఎలా వస్తుందో, అడవిలో ఉండి ఉండి మనసు నొచ్చిన అర్జునుడు అలా మా సేన మీదికి వస్తున్నాడు అని. ఓజన్ అంటే విధంగా. ఇప్పుడు చూడండమ్మా, ఒకే పద్యంలో సింహమూ ఉంది, వనవాసమూ ఉంది, తిరిగి రావడమూ ఉంది. కానీ కాంతారనివాసం ఎవరికి పెట్టాడు? అర్జునుడికి. సింహానికి పెట్టలేదు. సింహాన్ని గుహలో పెట్టాడు, దానికి ఆకలి ఇచ్చాడు. అడవిలో ఉండటం మనిషికి కష్టంగాని సింహానికి కష్టం కాదని ఆయనకి తెలుసు, మీ పాపకి వచ్చిన అనుమానం ఆయనకి ముందే వచ్చిందన్నమాట. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గాని ఈ తేడా నేను చూడలేదు, ఒప్పుకుంటున్నాను. ఉపమానంలో పోలిక ఎక్కడుందో చెప్పాను, పోలిక ఎక్కడ తప్పించాడో చెప్పలేదు.

కొసమెరుపు, సింహం పద్యం రాసిన వృత్తం పేరు శార్దూలం, అంటే పులి.

హనుమకొండ తమ్ముడు:
మాష్టారూ దండాలు 🙏 కాని ఒక్కటి, కుంతికి ముగ్గురే కదా, ముగ్గుర్ల నడిమిటోడు భీముడైతడు, అర్జునుడెట్లయితడు?

రిటైర్డ్ మాష్టారు, తణుకు:
వచ్చావూ! ఈ ప్రశ్న వెయ్యని క్లాసు నాకు ఒక్కటీ తగల్లేదు. మాద్రి పోయాక నకుల సహదేవుల్ని పెంచింది కుంతే, అయిదుగురూ కుంతి బిడ్డలుగానే పెరిగారు, అయిదుగురిలో నడిమివాడు అర్జునుడు. నేనిలాగే చెప్తాను. కర్ణుణ్ణి కలుపుతాం అంటే మాత్రం నేను నిద్రపోతాను, మీరు మాట్లాడుకోండి.

దారెస్సలాం నుంచి:
మాష్టారూ, మీ పద్యం చదివాక ఇక్కడి సామెత గుర్తొచ్చింది, సింబా మ్వెందా పోలే న్దియే మ్లా న్యామా. మెల్లగా నడిచే సింహమే మాంసం తింటుంది అని. ఇందులో కూడా సింహం అనగానే వాళ్ళకి తట్టింది తిండే, చోటు కాదు. మనవాళ్ళు నిదానమే ప్రధానం అని ఊరుకున్నారు, వీళ్ళు దాని కడుపు దాకా వెళ్ళారు.

పాప వాళ్ళమ్మ:
అందరికీ థాంక్సండీ, ఇంత వస్తుందనుకోలేదు. పద్యం పాపకి చదివి వినిపించాను, ఆఁకటితో అంటే ఆకలితో అని చెప్పగానే ఆగిపోయి, "కానీ సింబాకి ఆకలి లేదు కదమ్మా, రోజూ పురుగులు తిన్నాడు, లావయ్యాడు కూడా" అంది. అదీ నిజమే. కాసేపు ఆలోచించి మళ్ళీ తనే, పురుగులు తిన్నప్పుడు అతను సింహం అని మర్చిపోయాడు, నాలా వచ్చి పుంబాని వేటాడబోతుంటే గుర్తొచ్చింది అంది. మాతంగయూథం అంటే ఇదేనేమో మాష్టారూ, ఏనుగులు కనపడకపోతే ఆ సింగం అలాగే గుహలో పడుకుని ఉండేదా?

చివరికి వనవాసం, అజ్ఞాతవాసం రెండూ కొట్టేసి తను రాసుకున్న వాక్యం ఇది, నేను వేలు పెట్టలేదు: "సింబా చాలా ఏళ్ళు సింహం కాకుండా ఉన్నాడు." ఒక్క మాట అడిగింది, ఆరు మాటలు రాసింది. పైన "పద్యం మాష్టారుగారు చెప్పారు" అని కూడా రాసింది, పేరు తెలీక తణుకు అని పెట్టింది.

రిటైర్డ్ మాష్టారు, తణుకు:
ఎర్ర పెన్ను పెడితే నాకు ఫోన్ చెయ్యమనండి ఆ టీచర్ని.