బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్: ‘మార్తా’ అన్న ఒక్క మాట మారిస్తే సినిమా నిలబడేదా?

క్లాక్‌టవర్ పోరడు
పాత లొల్లే గని మళ్ల షురూ చేస్తున్న, తిట్టుకోకుండ్రి.

2016 మార్చి 25న వచ్చింది ఈ సినిమా. అప్పుడు మేం నలుగురం నల్లగొండల బస్సెక్కి హైదరాబాద్ పోయి తెలుగు డబ్బింగ్‌ల చూసినం, తిరిగొచ్చేటప్పుడు ఎల్బీనగర్ నుంచి నార్కట్‌పల్లి దాంక కొట్లాడుకుంటనే వచ్చినం, కండక్టర్ రెండుసార్లు కసిరిండు. ఇన్నేండ్లకు మొన్న ఆదివారం ఇంట్ల మళ్ల పెడితే బాపు వచ్చి పక్కన కూసున్నడు. ఆయనకు సూపర్‌మ్యాన్ అంటే ఎగిరేటోడు, బ్యాట్‌మ్యాన్ అంటే నల్లదుప్పటి కప్పుకున్నోడు, గంతే. అయినా కొట్లాట మొదలైనంక చేతుల ఫోన్ పక్కకు పెట్టిండు.

చూడనోళ్ల కోసం చెప్తున్న. లెక్స్ లూథర్ అనే విలన్ సూపర్‌మ్యాన్ వాళ్లమ్మను ఎత్తుకపోయి, గంట టైంల బ్యాట్‌మ్యాన్ తల తెస్తెనే వదుల్తనంటడు. ఇద్దరు కొట్టుకుంటరు. బ్యాట్‌మ్యాన్ కాలుతోటి తొక్కిపట్టి, సూపర్‌మ్యాన్ బలం గుంజే పచ్చ బల్లెం ఎత్తుతడు, ఇంకొక్క పోటైతే సూపర్‌మ్యాన్ ఖతం. అప్పుడు సూపర్‌మ్యాన్ మార్తాను కాపాడమంటడు. బ్యాట్‌మ్యాన్ వాళ్లమ్మ పేరు గూడ మార్తానే, వాళ్ల నాయిన సచ్చేటప్పుడు ఆఖరికి అన్న మాట అదే. దాంతోటి బల్లెం ఆగుతది, జర సేపటికే ఇద్దరు దోస్తులు.

గా సీను కాడ బాపు నా దిక్కు తిరిగి ‘ఎవర్రా మార్తా?’ అన్నడు. వాళ్లమ్మ అన్న. ‘అమ్మనైతే అమ్మా అంటరు గని, పానం పోయేటప్పుడు పేరు పెట్టి పిలుస్తడార ఎవడన్న?’ అన్నడు.

నేను అప్పట్నుంచి అదే ఆలోచిస్తున్న. 25 కోట్ల డాలర్లు పెట్టి తీసిండ్రు, ప్రపంచమంత కలిపి 87 కోట్ల డాలర్ల దాంక వచ్చినయ్, అయినా అమెరికాలనే రెండో వారాంతానికి వసూళ్లు దగ్గర దగ్గర 69 శాతం పడిపోయినయ్. చూసినోడు బయటికొచ్చి చెప్పుకుంట నవ్వింది ఈ సీను గురించే. ఇది సరిగ్గ తీస్తే మిగతాదంత జనం మాఫ్ చేసెటోళ్లని నా వాదన. మా అమ్మను కాపాడు అని ఉంటే సాలు. ఏమంటరు?

జడ్చర్ల జంక్షన్
తప్పు అన్నా. పేరే కావాలె ఆడ. బ్యాట్‌మ్యాన్‌కు వాడు మనిషే కాదు, యాడికెళ్లో ఆకాశం నుంచి ఊడిపడ్డ భూతం. అసొంటోడు అమ్మ అంటే, దొరికిన దొంగ కాళ్లు పట్టుకున్నట్టే అనుకుంటడు, పొడిచిపారేస్తడు. మార్తా అన్న పేరు వినంగనే ఎనిమిదేండ్ల పిల్లగాడై, అమ్మానాయినలు సచ్చిన ఆ గల్లీల నిలబడ్డట్టయితది ఆయనకు, అందుకే చెయ్యి వణుకుతది. సినిమా మొదలే ఆ గల్లీతోటి పెట్టిండు డైరెక్టర్ జాక్ స్నైడర్. మీరు పాప్‌కార్న్ కాడ ఉన్నరేమో అప్పుడు.

ఇంకొకటి గూడ మరిచిపోతున్నరు. 2013ల వచ్చిన దీని ముందు సినిమా ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ల సూపర్‌మ్యాన్ బిల్డింగులన్ని కూలగొట్టుకుంట ఎగిరెగిరి కొట్లాడిండు గదా, అదే కొట్లాట ఈ సినిమాల కింద రోడ్డు మీద నిలబడి బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మ్యానే, సూస్తడు. అందరు దుమ్ముకెళ్లి బయటికి ఉరుకుతుంటే ఆయనొక్కడు దుమ్ముల్లకు ఉరుకుతడు. అసొంటి సీను ఇంకో సూపర్‌హీరో సినిమాల సూపియ్యిండ్రి సూద్దాం.

క్లాక్‌టవర్ పోరడు
@జడ్చర్ల జంక్షన్ ఆ సీను బంగారం, ఎవడు కాదన్నడు తమ్మీ. మార్తా అన్న పేరు గూడ తీసెయ్యమంట లేను. సినిమాలనే సూపర్‌మ్యాన్ ప్రేమించే పిల్ల లోయిస్ ఉరికొచ్చి అడ్డం పడి, అది వాళ్లమ్మ పేరని చెప్తది గదా. గా రెండు మాటలు అటుదిటు మార్చు. సూపర్‌మ్యాన్ మా అమ్మ అనాలె, బ్యాట్‌మ్యాన్ నమ్మొద్దు, బల్లెం ఇంక మీదికి లేవాలె, అప్పుడు లోయిస్ వచ్చి పేరు చెప్పాలె. నీ ఎనిమిదేండ్ల పిల్లగాడు ఉంటడు, మా బాపు ఉంటడు. పైసా ఖర్చు లేదు.

పేట మిక్సింగ్ రూం
సూర్యాపేట నుంచి. పన్నెండేండ్ల సంది పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తున్న, ఈ ముచ్చట నా కడుపుల మంట, జర పొడుగుంటది చదువుండ్రి.

పెళ్లోళ్లు వచ్చి అన్నా మూడు గంటలు ఎవడు చూస్తడు, జర తక్కువ చెయ్యి అంటరు. సరే అంటం. మరి ఏది కోద్దాం అంటే బరాత్ డ్యాన్స్ కొయ్యొద్దంటరు, డ్రోన్ షాట్ కొయ్యొద్దంటరు, బావమరిది సన్‌గ్లాసెస్ పెట్టుకోని స్లోమోషన్‌ల వచ్చేది అస్సలు కొయ్యొద్దంటరు. ఇగ మిగిలేది ఏంది, అప్పగింతలు. అది కోస్తం. తెల్లారి ఫోన్ చేస్తరు, పిల్ల కారెక్కి ఊకెనే ఏడుస్తున్నట్టున్నది, మంచిగ లేదు అన్నా అని. మరి ఏడుపు ఎందుకొచ్చిందో అది నేలమీద పడ్డది గదనే.

ఈ సినిమాకు అదే అయింది. థియేటర్ల 151 నిమిషాలు వేసిండ్రు. అదే ఏడాది డిస్కుల మీద వచ్చిన అల్టిమేట్ ఎడిషన్ 182 నిమిషాలు. ఆ అరగంటల ఏమున్నదో చూడుండ్రి. ఆఫ్రికా ఊర్ల సచ్చిపోయినోళ్లను సూపర్‌మ్యాన్ సంపినట్టు కనపడాలని లెక్స్ మనుషులు శవాలను కాలవెడ్తరు. సూపర్‌మ్యానే సంపిండని సాక్ష్యం చెప్పిన ఆడమనిషిని లెక్స్ బెదిరించి చెప్పించిండని తెలుస్తది. క్లార్క్, అంటే మామూలు మనిషి యేషంల ఉన్న సూపర్‌మ్యాన్, రిపోర్టర్ లెక్క బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్ పోయి, బ్యాట్‌మ్యాన్ దొంగలకు వాతలు పెట్టుడు మీద వాళ్లను వీళ్లను అడుగుతడు. అంటే బ్యాట్‌మ్యాన్ అంటే ఈయనకెందుకు కోపమో అప్పుడు గని తెల్వది మనకు. థియేటర్ల అది లేకనే సూపర్‌మ్యాన్ ఊకె మూతి ముడుచుకున్నట్టు కొట్టింది.

అన్నిట్లకెల్లి చిన్నది చెప్త. పార్లమెంట్ లెక్కుంటది గదా, క్యాపిటల్, ఆడ కాళ్లు పోయిన కీఫ్ అనేటాయన వీల్‌చైర్‌ల బాంబు పేలుతది. సూపర్‌మ్యాన్ గోడల్లకెల్లి చూస్తడు గదా, మరి ఇది కనపడలేదా అని థియేటర్ల మా పక్క సీటాయన ఒకటే గునుసుడు. ఆ కుర్చీకి సీసం వేసిండ్రు, సీసంలకెల్లి ఆయన చూపు పోదు. అది చెప్పే సీనును గూడ కోసిండ్రు! బరాత్ మొత్తం ఉంచిండ్రు, అప్పగింతలు కోసిండ్రు. రెండున్నర గంటలు దాటితే రోజుకో ఆట తగ్గుతదని భయం.

కాబట్టి మార్తా కాదు సమస్య. ఆ కోసిన అరగంట.

సాగర్ గట్టు
మిక్సింగ్ అన్నా, మీరు చెప్పింది ఒప్పుకుంట, నేను గూడ ఆ పెద్దదే చూసిన. కని అది చూసినంక గూడ ఆఖరి అరగంట అదే కదా? డూమ్స్‌డే అని బురద ముద్ద లెక్క ఒక రాక్షసి వస్తది, ఆకాశమంత మెరుపులు, ఎవరు ఎవర్ని కొడుతున్నరో తెల్వది. దానికి సీసం గీసం ఏం చేసినా ఏం ఫాయిదా.

లోయిస్ ఆ బల్లెం తీస్కపోయి నీళ్లల్ల పారేస్తది. మళ్ల కాసేపటికే అదే నీళ్లల్ల దుంకి దాన్నే వెతుకుతది. హీరోయిన్‌కు పని కల్పించనీకి రాసిన సీను అది, ఎవరికన్న తెలుస్తది. తర్వాత ఆ బల్లెం అంటేనే నీరసపడే సూపర్‌మ్యాన్ దాన్ని పట్టుకోని పోయి పొడిచి తను గూడ సస్తడు. అరే పక్కన వండర్ ఉమన్ ఉన్నది, వెయ్యేండ్ల యుద్ధాలు చూసిన మనిషి లెక్క నవ్వుకుంట కొట్లాడుతున్నది, ఆ బల్లెం ఆమెకు ఏం చెయ్యది, ఆమె చేతికిస్తే అయిపాయె!

ఇంకోటి. 2015 డిసెంబర్ ట్రైలర్‌లనే డూమ్స్‌డేను చూపించిండ్రు, ముగ్గురు హీరోలు కలిసి నిలబడ్డది గూడ చూపించిండ్రు. ఇగ వాళ్లిద్దరు కొట్టుకుంటుంటే బుగులు ఎట్ల పుడ్తది? ఎట్లనో కలుస్తరని టికెట్ కొననోనికి గూడ తెలుసు.

జడ్చర్ల జంక్షన్
అక్కా డూమ్స్‌డే లేకపోతే సూపర్‌మ్యాన్ సచ్చుడు ఎట్ల మరి?

సాగర్ గట్టు
సావద్దు! 2013ల వచ్చిండు, 2016ల పాడె ఎక్కిచ్చిండ్రు. నడుమ ఆయన మంచిగ నవ్వింది ఎన్నిసార్లో లెక్కపెట్టు. చుట్టం ఇంటికొచ్చి చాయ్ తాగకముందే పోతే మనం ఏడుస్తమా? బ్యాట్‌మ్యాన్ ముసలోడై సూపర్‌మ్యాన్‌ను కొట్టేది 1986 కామిక్ కథ. డూమ్స్‌డే సంపేది 1992ది. రెండు వేరే వేరే గంజులల్ల వండాల్సినయ్, ఒక్క గంజుల పోసి ఉడకవెట్టిండ్రు. దీనికి స్క్రీన్‌ప్లే రాసినోళ్లల్ల ఒకాయనకు అంతకుముందే ఆర్గో అనే సినిమాకు ఆస్కార్ వచ్చింది, అంటే చేతగాక కాదు.

నాకైతే క్యాపిటల్ సీనే సినిమా. ఇన్ని శక్తులున్నోన్ని ఎవరు అడగాలె, ఎవరికి జవాబు చెప్తడు అని సినిమా అంత అడిగిండ్రు. ఆయన వచ్చి నిలబడ్డడు. ఒక్క మాట మాట్లాడకముందే బాంబు పేలింది. సరే, పేలనీ. కని లెక్స్ దొరికినంక మళ్ల అసొంటి కాడికే రావాలె, ఈసారి మాట్లాడాలె. ఏం మాట్లాడతడు? దాని కోసమైతే నేను రెండోసారి టికెట్ కొందును.

పాలమూరు భాగోతం
అందరియి సదివిన. నాదొకటి ఇనుండ్రి, కొత్తది కాదు, మా తాత కాలంది.

మా తాత పాలమూరు దిక్కు ఊర్లల్ల గయోపాఖ్యానం నాటకంల అర్జునుడి యేషం కట్టెటోడు. కథ తెల్వనోళ్లు ఉంటే, గయుడనే గంధర్వుడు ఆకాశంల పోకుంట తాంబూలం ఉమ్మితే, కింద సూర్యునికి అర్ఘ్యమిస్తున్న కృష్ణుని దోసిట్ల పడ్తది. సంపుత అని కృష్ణుడు ఒట్టు వెడతడు. గయుడు పోయి అర్జునుని కాళ్ల మీద పడితే, ఎవరి మీదికెళ్లి వచ్చినవని అడగకుండనే అభయమిస్తడు. ఇగ బావా బామ్మర్దులు ఎదురెదురు నిలబడ్డరు. నడుమ సుభద్ర, ఒక దిక్కు అన్న, ఒక దిక్కు మొగుడు.

ఆడ ఎవరికి ఏది దాపరికం లేదు సూడుండ్రి. కృష్ణునికి తెలుసు, అర్జునునికి తెలుసు, కింద చాప మీద కూసున్న ముసలమ్మకు తెలుసు. మాట్లాడుకున్నరు గూడ, పద్యాల మీద పద్యాలు. మాట్లాడినా తెగదు, ఎందుకంటే ఇద్దరి మాటా నిజమే. అందుకే తెల్లారే దాంక ఎవడు లేవకపోతుండె.

మరి ఈ సినిమాల? సూపర్‌మ్యాన్ వస్తడు, తప్పయింది, నా మాట ఇను అంటడు, లెక్స్ పేరు గూడ ఎత్తుతడు. తుపాకులు పేలుతయ్. మాట పూర్తి చెయ్యాల్నా? చెయ్యడు, పోయి బ్యాట్‌మ్యాన్‌ను ఒక్క నూకుడు నూకుతడు! గంట టైం ఉన్నోడు, తల్లి పానం మీద ఉన్నోడు. ఒక్క ముక్క చెప్తే ఆగిపోయే కొట్లాటకు ఎంత పెద్ద మ్యూజిక్ వేసినా అది తప్పు అర్థం చేసుకున్న లొల్లే గని యుద్ధం కాదు. క్లాక్‌టవర్ తమ్మి మాట మారిస్తడట, మిక్సింగ్ అన్న అరగంట కలుపుతడట, అక్క డూమ్స్‌డేను పీకేస్తదట. అన్నీ చెయ్యుండ్రి. కని చెప్పినా తెగని కారణం ఒకటి లేకపోతే అంతా గంతే.

నేనైతే ఏం చేద్దునంటే, లెక్స్ తోటి ఇంకొక షరతు పెట్టిద్దును. నోరు తెరిచి బ్యాట్‌మ్యాన్‌కు సంగతి చెప్పినవో ఆడ మీ అమ్మ ఉండదు అని. అప్పుడు సూపర్‌మ్యాన్ చెప్పలేడు, సంపలేడు. ఆఖరికి తను సచ్చేటప్పుడు, ఇగ చెప్పినా చెప్పకపోయినా ఒకటే అన్నప్పుడు, నోట్లకెళ్లి ఊడిపడాలె ఆ పేరు.

జడ్చర్ల జంక్షన్
గట్లయితే పేరే ఉన్నది గదా, నేను గెలిచిన 😄

క్లాక్‌టవర్ పోరడు
ఏం గెలిచినవ్ బై. భాగోతం అన్న చెప్పింది బాగనే ఉన్నది, కని దానికి సినిమా మొత్తం మళ్ల తియ్యాలె. నేను చెప్పేది ఒక్క మాట. ఒక్క మాట మారితే జనం నవ్వకపోతుండె అంటున్న, నేను పందెం కడ్త.

పేట మిక్సింగ్ రూం
పందెం ఎందుకు, నిన్న రాత్రి పెళ్లి పని లేకుండె, నేనే చేసిన. గా 40 సెకండ్ల ముక్క తీసుకోని, మార్తా కాడ నా గొంతుతోటి మా అమ్మను కాపాడు అని పెట్టిన, పేరును లోయిస్ మీదికి జరిపిన. మూతి కలవలేదు, వర్షం సౌండ్ పెంచి కప్పిన. నీకు పర్సనల్‌ల పంపిన, బాపుకు చూపియ్యి.

క్లాక్‌టవర్ పోరడు
చూపించిన. బువ్వ తినుకుంట చూసిండు. ఈసారి మార్తా ఎవరని అడగలే.

‘మరి గీ మాట ముందుగాల్నే ఎందుకు చెప్పలేదురా వీడు?’ అన్నడు.

భాగోతం అన్నా, నవ్వకు.