చెస్‌లో స్టాఫర్డ్ గ్యాంబిట్ (బంటుని ఎరవేసే ఓపెనింగ్) ఆన్‌లైన్‌లో గెలిపిస్తోంది, బోర్డు మీద పరువు తీసింది. మానేయాలా?

గంటస్తంభం బంటు (విజయనగరం):
ఆర్నెల్లుగా ఒక్కొక్కరికి 3 నిమిషాలే ఉండే బ్లిట్జ్‌లో నల్ల పావులు వస్తే ఇదే ఆడుతున్నాను. ఈ4 ఈ5 (అక్షరం, అంకె కలిస్తే గడి పేరు), గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6, అవతలివాడు ఈ5 బంటు తింటాడు, నేను గుర్రం సీ6 పెడతా, దాన్నీ తింటాడు, డీ బంటుతో తిరిగి తింటా. బంటు పోయినట్టే, కానీ వాడు డీ3 వేసి, నేను బిషప్ సీ5 పెట్టాక, బిషప్‌ని జీ5కి తెచ్చి నా గుర్రాన్ని కట్టేశాననుకుంటాడు చూడండి, అప్పుడు అదే గుర్రంతో ఈ4 తినేస్తా. క్వీన్ ఊరికే వచ్చిందని లాగేసుకుంటాడు. బిషప్ ఎఫ్2 చెక్, రాజు ఈ2, రెండో బిషప్ జీ4, మేట్! రేటింగ్ 1150 నుంచి 1400 దాకా ఇలాగే వచ్చాను.

మొన్న మా ఊళ్లో చిన్న రాపిడ్ (బ్లిట్జ్ కన్నా ఎక్కువ టైం ఉండే) టోర్నీలో ఎదురుగా ఆరో క్లాసు పాప. బిషప్ ఈ2, సీ3, డీ4. మూడింటికీ కలిపి అర నిమిషం పట్టలేదు. నా గడియారంలో పది నిమిషాలున్నాయి, వేయడానికి ఎత్తే లేదు. వాళ్ల నాన్నగారు వెనకాల నిలబడి బఠానీలు నములుతున్నారు, ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
బిషప్ ఈ2 వచ్చాక మీ ప్లాన్ ఏంటి? అది లేకుండా ఆడుతున్నారనే నా అనుమానం. అక్కడ హెచ్5 వేయాలి. వాడు క్యాస్లింగ్ చేస్తే (రాజుని ఏనుగు పక్కన దాచేస్తే) గుర్రం జీ4, హెచ్3తో తరమబోతే క్వీన్ డీ6. ఆ గుర్రాన్ని బంటుతో తిన్నాడా, మీ హెచ్ బంటు జీ4లోకి వచ్చి ఏనుగుకి దారి తెరుచుకుంటుంది, ఇక హెచ్2లో మేట్ బెదిరింపే. ఆ పాప క్యాస్లింగ్ చేయకుండా ముందు సీ3, డీ4 వేసింది, అంటే మీ సీ5 బిషప్‌కి ఎఫ్2 కనపడకుండా తలుపు మూసేసింది. పోయింది ఒక్క బంటే అయినా చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) తెల్లకి దాదాపు రెండు బంట్ల ఆధిక్యం చూపిస్తుంది. బ్లిట్జ్‌లో నడుస్తోందంటే వాడికి ఆలోచించే టైం లేకే.

రాజాం ఏనుగు:
ఏటండీ ఇది, మూడు నిమిషాల ఆటకి ఇంజిన్ సాక్ష్యమా. ఎరిక్ రోజెన్ లాంటి ఇంటర్నేషనల్ మాస్టరే సరదాగా ఆడి జనాలకి నేర్పాడు. ఆఫీసు నుంచి వచ్చి నాలుగు ఆటలు ఆడుకునేవాడికి ఆ మేటే కదా సంతోషం. టోర్నీలో మానేయండి, ఫోన్‌లో ఆడుకోండి.

నాగావళి గట్టు:
సరే, సరదాకి ఎవరు వద్దన్నారు. కానీ మొదటి రెండు ఎత్తులూ ఎలాగూ పెట్రోవ్ డిఫెన్స్ అనే ఓపెనింగే, కాబట్టి టోర్నీకి కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు. గుర్రం సీ6 బదులు డీ6తో వాడి గుర్రాన్ని వెనక్కి తరిమి, ఆ తర్వాత ఈ4 తినండి. తొందరపడి ముందే తిన్నారా, క్వీన్ ఈ2 వస్తుంది, మీరు గుర్రాన్ని ఎఫ్6కి తీస్తే వాడి గుర్రం సీ6కి దూకుతుంది, వెనకున్న వాడి క్వీన్ నుంచి మీ రాజుకి చెక్, మీ క్వీన్ పోయినట్టే. నాకు రెండుసార్లు అయింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

గంటస్తంభం బంటు:
నిన్న రాత్రి డీ6తో పది ఆటలు ఆడాను, ఆరు పోయాయి, రేటింగ్ 1371. అందులో ఒకడు గుర్రాన్ని వెనక్కి తీయకుండా ఎఫ్7 బంటు తినేశాడు! రాజుతో తిన్నాను, గుర్రం చేతిలో ఉంది, అయినా ఇరవై ఎత్తుల్లో మేట్ అయిపోయాను. ఇది కూడా గ్యాంబిటేనా?

రాజాం ఏనుగు:
హహ, దొరికిపోయారు. అది కోక్రేన్ గ్యాంబిట్. జాన్ కోక్రేన్ అనే లాయరు దొర 1848లో కలకత్తాలో ఆడాడు, ఎదుటివాడు బెంగాలీ, బెనర్జీ. 1999లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నీలో గ్రాండ్‌మాస్టర్ టోపలోవ్ దాన్ని ఇంకో గ్రాండ్‌మాస్టర్ క్రామ్నిక్ మీదే ఆడి డ్రా చేసుకున్నాడు. వాడు డీ4 వేశాక ఆశపడి ఈ4 బంటు తినకండి, క్వీన్ హెచ్5 చెక్, జీ6 అడ్డం పెడితే క్వీన్ డీ5 చెక్, గుర్రం తిరిగి ఇచ్చేసినట్టే.

గంటస్తంభం బంటు:
సరిగ్గా అదే తిన్నానండీ.