కోణార్క్ ఉత్సవానికి బస ఎక్కడ: పూరీలోనా, కోణార్క్‌లోనా?

బరంపురం నుంచి నలుగురం వస్తున్నాం. అందులో మెట్లెక్కలేని పెద్దావిడ ఒకరు. డిసెంబర్ 1 నుంచి 5 వరకు జరిగే నృత్యోత్సవంలో రెండు సాయంత్రాలు చూడాలి. కోణార్క్‌కు రైలు లేదు. ఖుర్దా రోడ్‌లో బండి మారి పూరీలో దిగి, మెరైన్ డ్రైవ్ మీద మరో 35 కిలోమీటర్లు పోవాలి.

పూరీలో గదులకు కొదవ లేదు. చిక్కల్లా రాత్రి తిరుగు ప్రయాణమే. ఆట అయ్యాక బాలూఖండ్ అడవి దారిలో ఆటో నమ్ముకోవచ్చా, లేక వెయిటింగ్‌తో కలిపి కారు ముందే మాట్లాడుకోవాలా?

కోణార్క్‌లో దిగితే ఆ బాధ లేదు. పొద్దున్నే గుడి, 3 కిలోమీటర్లలో చంద్రభాగ బీచ్‌లో ఇసుక శిల్పాలు. కానీ గదులు తక్కువ, పైగా పటచిత్రాలు వేసేవాళ్ల ఊరు రఘురాజ్‌పూర్ దూరమైపోతుంది. అది పూరీ నుంచి భువనేశ్వర్ రోడ్డులో ఉంది. చింతగింజల జిగురుతో గుడ్డల పొరలు అతికించి, సుద్ద పూసి, రాయితో నున్నగా రుద్ది పటం తయారుచేయడం దగ్గరుండి చూడాలని మా ఆశ.

రెండు రాత్రులు కోణార్క్, చివరి రాత్రి పూరీ అనుకుంటున్నాం. సామాను మోత తప్ప ఇందులో ఇబ్బందేమైనా ఉందా? కోణార్క్‌లో కింది అంతస్తు గది, వెస్టర్న్ టాయిలెట్ కావాలంటే ఎన్నాళ్ల ముందు బుక్ చేయాలి? ఉత్సవం రోజుల్లో వెళ్లినవాళ్లు చెప్పండి బాబూ.