సమస్యాపూరణం: “నీరు పోయకుండ నిండె పులుసు”

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. పైన ఇచ్చినది ఆఖరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. వస్తువు: స్లో కుక్కర్‌లో కొరియా కారపు కోడి, అంటే డక్‌బొక్కుమ్‌తాంగ్. స్లో కుక్కర్ అంటే సన్నని వేడిపై గంటలకొద్దీ ఉడికించే కరెంటు కుండ. పోయినసారిలా కొలతల దగ్గర కొట్టుకోకుండా ముందే చెప్తున్నా. తోలు తీసిన ఎముక తొడముక్కలు 1 కిలో, బంగాళాదుంపలు 2, క్యారెట్, ఉల్లిపాయ, వెల్లుల్లి 8 రెబ్బలు, కాస్త అల్లం. టేబుల్ స్పూన్లలో గోచుజాంగ్ (కొరియా మిరప ముద్ద) 3, గోచుగారు (కొరియా మిరపపొడి) 2, సోయా సాస్ 3, పంచదార 1. నువ్వులనూనె, ఉల్లికాడలు కట్టేశాకే. ఇక కానివ్వండి.

లఘుగురు:
కోడి ముక్క లడుగు కూరలపై నుంచి
మూత వేసి దాని ముట్టకున్న
నారు గంటలందు నావిరి మరలంగ
నీరు పోయకుండ నిండె పులుసు

గరిటె కవి: “అడుగు కూరలపై” దగ్గరే పద్యం గెలిచింది. దుంపలు మాంసం కన్నా నెమ్మదిగా ఉడుకుతాయి, వేడేమో అడుగునుంచీ పక్కలనుంచీ వస్తుంది. దుంపల్ని పైన వేస్తే సాయంత్రానికి కూడా కటుక్కుమంటాయి. “ముట్టకున్న” కూడా సార్థకమే. మూత ఎత్తిన ప్రతిసారీ వంట 20 నిమిషాలకు పైగా వెనక్కి పోతుంది. ఆరు గంటలు ‘లో’ (తక్కువ వేడి) మీదే సుమండీ, ‘హై’లో మూడున్నర చాలు.

మిరపకాయ్ మాస్టారు: బాగానే ఉంది, వంటల పుస్తకంలా. చిత్తగించండి:

గోచుజాంగు గరిటె గుప్పించి రుచిఁ జూచి
కార మెక్కు వనుచుఁ గలఁత నొంది
బిందెడంత తెచ్చి పెళపెళ మరిగించి
నీరు పోయ, కుండ నిండె పులుసు

నిర్వాహకుడు: ఆహా! “పోయ, కుండ”! ఈ విరుపు కోసమే ఈ పాదం ఇచ్చాను. అభినందనలు మాస్టారూ.

లఘుగురు: విరుపు సరే, బిందెడు పట్టే కుక్కర్ ఏ కొట్లో దొరుకుతుందో మాస్టారే చెప్పాలి. కుండ సగానికి పైన, మూడింట రెండు వంతుల లోపల ఉండాలి. పైగా అంత కారం గోచుజాంగ్‌ది కాదు. అందులో జిగురుబియ్యం, మొలకెత్తిన బార్లీ పిండి ఉండి తియ్యదనం ఇస్తాయి. మాస్టారు గోచుగారు బదులు గుంటూరు కారం రెండు స్పూన్లూ దింపేసి ఉంటారు! గోచుగారు గింజ తీసిన బరక పొడి, ఘాటు తక్కువ. బదులు కావాలంటే కాశ్మీరీ మిరప, గుంటూరుదైతే అర స్పూను.

ఇంచియాన్ తెలుగమ్మాయి: “మరిగించి” మాత్రం వదలకండి అన్నయ్యా. వేడెక్కిన పింగాణీ కుండలో చన్నీళ్లు పోస్తే బీట తీస్తుంది. మాస్టారి పద్యంలో పులుసు చెడింది గానీ కుండ దక్కింది.

మిరపకాయ్ మాస్టారు: ధన్యోస్మి తల్లీ. లఘుగురు గారి “మంట లేక నుడికె మాంస మెల్ల” పూరణ గుర్తుందా? “మంచు గట్టినట్టి మాంసంబు నటులుంచి” అన్నారు! గడ్డకట్టిన కోడిని అలాగే పడేస్తే 60 డిగ్రీలు దాటడానికి గంటలు పడుతుంది, ఈలోగా సూక్ష్మక్రిములు విందు చేసుకుంటాయి. ముందురోజే ఫ్రిజ్‌లో కరిగించాలి. యతి కుదిరితే చాలనుకునే వారికి ఇవన్నీ ఎందుకులెండి.

లఘుగురు: అది హాస్యపూరణ. రెండో పాదంలో వైద్యుడున్నాడు, చూసుకోండి.

గరిటె కవి: నాదీ ఒకటి:

తొడల నూరు రసము తుదిదాక నుల్లితో
పాకమగును గాని పలుచనౌను
చిక్కబరచు పిదప మొక్కజొన్నపిండి
నీరు పోయకుండ నిండె పులుసు

లఘుగురు: “చిక్క”, “మొక్క” ప్రాసయతి ముచ్చటగా ఉంది. కానీ “మొక్కజొ” తరవాత “న్నపిండి” జగణం, ఈ చోట చెల్లదు. “మొక్కజొన్నల పిండి” అంటే సరి.

గరిటె కవి: ‘ల’ చేర్చుకున్నాను.

మిరపకాయ్ మాస్టారు: గణం అతికింది, వంట అతకలేదు. పొడిపిండి వేడి పులుసులో వేస్తే ఉండలు కడుతుంది. టేబుల్ స్పూను పిండికి రెండు స్పూన్ల చన్నీళ్లు కావాలి. మరి నాలుగో పాదం గతేమిటి?

ఇంచియాన్ తెలుగమ్మాయి: నీళ్లెందుకు మాస్టారూ? ఓ చిన్న గిన్నెడు పులుసు తీసి పూర్తిగా చల్లార్చి, పిండి అందులోనే కలిపి పోసి, ‘హై’లో 20 నిమిషాలు ఉంచాలి. పిండే వద్దంటే ముక్కలు పక్కన పెట్టి, పులుసు వెడల్పు మూకుడులో సగమయ్యేదాకా మరగనిస్తే ఇంకా రుచి. అడుగంటకుండా కలుపుతుండాలి, గోచుజాంగ్ తీపికి ఇట్టే మాడుతుంది.

నిర్వాహకుడు: సమస్య గట్టెక్కింది. మాస్టారూ, “కారమెక్కు వనుచు”లో ‘మెక్కు’ మీరు కావాలనే విరిచారా?